గుండంలో పోసిన నీళ్ళు

మొన్న ఆదివారం పూజా కమిటీ కుర్రాడొకడు తాల్‌బగీచాలో మా ఇంటికి వచ్చినాడు. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "ఆంటీ, ఈసారి మాతపూజకి పుస్తకం వేస్తన్నాం. ఈ ఊళ్ళో మన తెలుగోళ్ళు చేసిన సాహసాలన్నీ అందులో పడతాయి. మీరు పాతవాళ్ళు, ఏటైనా గుర్తుంటే సెప్పండి" అన్నాడు. నాకు నవ్వొచ్చి, ఇప్పటిదాకా ఏం పోగేసినావో చదవరా అన్నాను. ఫోను తీసి చదివినాడు.

మొదటిది, వానలో ట్రాఫిక్ కాలనీ నీళ్ళ ట్యాంకు మీదికి నిచ్చెన లేకుండా ఎక్కిన వీరుడు. రెండోది, కన్సాయి నది వరదలో ఉండగా పందెం కోడిని నెత్తిన పెట్టుకుని అవతలి ఒడ్డుకి ఈదినవాడు. మూడోది, బొగ్గు ఇంజను ముందు కమ్మీ మీద కూచుని పక్క స్టేషనుదాకా వెళ్ళొచ్చినవాడు. ట్యాంకు ఎక్కినాయన ఫోటో దొరికిందంట. ఒక పేజీ నిండా వేస్తారంట. "ఏం గుండె ఆంటీ ఆయనది!" అన్నాడు.

"ఆడోళ్ళెవరూ లేరేటిరా?" అన్నాను.

"ఎందుకు లేరాంటీ, మీ అమ్మగారున్నారు! నలభై ఏళ్ళు ఘటం ఎత్తినా చుక్క నీరు ఒలకలేదంట కదా." కాస్త గొంతు తగ్గించి, "మీ పిన్నిగారిది కూడా ఏదో ఉన్నాదంట గానీ, కమిటీలో పెద్దోళ్ళు వద్దన్నారు. అపచారం అంట" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడికి టీ కూడా ఇవ్వకుండా పంపించేసినాను. పాపం వాడేం చేస్తాడు, వాడికెవరు చెప్పినారు గనక. ఆ ట్యాంకు ఎక్కినవాడి సంగతీ, మా అమ్మ సంగతీ, నా సంగతీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలినాను. అందుకే రాస్తున్నాను. కోపంగా ఉన్నాను, అక్షరాలు వంకర పోతే పోనీ.

మా రైల్వే క్వార్టరు ఆ ట్రాఫిక్ కాలనీలోనే ఉండేది. రెండు గదులు, వెనక చిన్న పెరడు, పెరట్లో బొగ్గుల పొయ్యి. తెల్లారేసరికి అన్ని పెరళ్ళలోనూ పొయ్యిలు రాజేసేవారు. కళ్ళు మండే ఆ పొగలోనే ఎండు నెత్తళ్ళు వేగుతున్న వాసన, పక్కింటి బెంగాలీ దీదీ కాచే ఆవనూనె ఘాటు కలిసి వచ్చేవి. వర్క్‌షాపు కూత వేసిందంటే చాలు, మా నాన్నతో సహా మగాళ్ళందరూ సైకిళ్ళకి క్యారియర్లు తగిలించుకుని ఒక్కసారే రోడ్డు మీద పడేవారు. ఇంట్లో గడియారం ఉండేది కాదు. కూతే మాకు గడియారం.

పిన్ని మా అమ్మకి సొంత చెల్లెలు. ఆవిడ భర్త, మా బాబాయి, వర్క్‌షాపులో ఖలాసీ. అంటే బరువులు మోసి, సామాను అందించే పని. కామెర్లొచ్చి పది రోజుల్లో పోయినాడు. పిల్లల్లేరు. దినాలైన మర్నాడే అమ్మ వెళ్ళి పిన్నిని మా ఇంటికి తీసుకొచ్చేసినాది. "నా సెల్లిని నాను సూసుకోలేనా" అని పదిమందిలో అన్నాది. కాలనీ అంతా అమ్మని మెచ్చుకున్నాది.

పిన్ని వచ్చిన వారానికి అమ్మ పొయ్యి దగ్గరికి పోవడం మానేసినాది. నెల తిరక్కుండా బట్టలుతకడం, కుళాయి దగ్గర లైనులో నిలబడ్డం కూడా మానేసినాది. ఇది ఇప్పుడు చెప్తున్న మాట. అప్పుడు నాకు పదకొండేళ్ళు. నాకు తెలిసిందల్లా ఇంట్లో అన్నం రుచి మారిందని. పిన్ని ఆవ పెట్టి పనసపొట్టు కూర చేసిందంటే దీదీ గిన్నె పట్టుకుని వచ్చేసేది. వేసవిలో చోడి అంబలి చల్లార్చి, మజ్జిగ పోసి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కోమని చేతిలో పెట్టేది. బడి నుంచి రాగానే మూడీలో, అంటే మరమరాల్లో, కొబ్బరి ముక్కలు, పచ్చిమిర్చి, ఆవనూనె చుక్క కలిపి కాగితం పొట్లంలో ఇచ్చేది. గోల్‌బజార్‌లో ఝాల్‌మూడీవాడు దాని కాలిగోటికి చాలడు.

ఇంక జడ. అమ్మ జడ వేస్తే తల ఊడొచ్చినంత పనయ్యేది. పిన్ని వేళ్ళతో చిక్కు తీసి, నూనె రాసి, ఒక్క వెంట్రుక లాగకుండా అల్లేది. ఒకసారి సాహెబు బంగళాలో మామిడికాయలు కోసుకొచ్చేస్తే మాలీ కర్ర పట్టుకుని మా ఇంటిదాకా తరిమినాడు. పిన్ని నన్ను మంచం కిందకి తోసేసి, గుమ్మానికి అడ్డం నిలబడి, "గుంట జొరంతో పడుంది దాదా, మూడు రోజులై లేవట్లేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాది. వాడు పోయినాక నా చెవి మెలేసి, ఆ కాయలే ఉప్పూకారం అద్ది నాకు పెట్టినాది. అలాంటి పిన్నికి నేను చేసింది ఇంక చెప్తాను.

బాబాయి పోయినాక ఆ చోట రైల్వేవాళ్ళు ఇంట్లోవాళ్ళకొకరికి ఉద్యోగం ఇస్తారు. అది బాబాయి తమ్ముడిదేనని అందరూ అనేసుకున్నారు. ఆ తమ్ముడే మన ట్యాంకు వీరుడు. ప్లేటు బిరియానీ పందేనికి ట్యాంకు ఎక్కి, ఆ ఒక్క కథతో ఊళ్ళో పని లేకుండా తిరిగేవాడు. పిన్ని తనకి వద్దని ఒక సంతకం పెట్టేస్తే చాలు. ఒక సాయంత్రం పెద్దలు నలుగురు కాగితం పట్టుకుని మా అరుగు మీద కూచున్నారు. అమ్మ అందరికీ టీ ఇచ్చినాది. టీ పెట్టింది మాత్రం పిన్నే.

"ఎట్టేయమ్మా సంతకం. ఆడకూతురివి, ఇనప పనేటి సేస్తావు?" అన్నాడు అందరిలోకీ పెద్దాయన.

పిన్ని తలుపు వెనక నుంచే, "రోజుకి ఇరవై బిందెలు మోస్తన్నాను బాబూ. ఆ మోసేదేదో ఆడే మోస్తాను. సంతకం ఎట్టను" అన్నాది.

"ఖాకీ నిక్కరేసుకుంటావేటి వదినా?" అన్నాడు వీరుడు.

అందరూ పగలబడి నవ్వినారు. నేనూ నవ్వినాను. సిగ్గులేదు చెప్పడానికి, గట్టిగా నవ్వినాను.

పిన్ని మర్నాడే దీదీ మొగుడి చేత దరఖాస్తు రాయించుకుని ఇచ్చేసినాది. కొన్నాళ్ళకి ఆసుపత్రిలో దేహపరీక్షకి రమ్మని కాగితం వచ్చినాది. అమ్మోరి మాతపూజ ఆదివారం, పరీక్ష సోమవారం పొద్దున్న. ఇంక చూడాలి కాలనీ నోళ్ళు! కుళాయి దగ్గర అదే మాట, రేషను దుకాణం దగ్గర అదే మాట. మొగుడు పోయి ఏడాది తిరక్కుండా మగోళ్ళ మధ్యకి పోయే ఆడదేం ఆడది అన్నారు. అమ్మ ముక్కు చీదుకుంటూ అందరి మాటా వినేది, ఒక్కరికీ ఎదురు చెప్పేది కాదు.

చివరికి పెద్దాయన తీర్పు చెప్పినాడు. "గుండం తొక్కనీండి. అమ్మోరు ఒప్పుకుంటే మనమూ ఒప్పుకుందాం."

మా వాళ్ళకి అది మామూలే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనులకి ఈ బెంగాలీ ఊరికి వచ్చినప్పుడు మూటాముల్లెతో పాటు అమ్మోరినీ, గుండాన్నీ తెచ్చుకున్నారు. తేలని తగువేదైనా ఉంటే గుండం దగ్గరికి పోయేది. చింతకట్టెలు కాల్చి నిప్పు చేసి, బూడిద విసిరి, కాళ్ళకి పసుపునీళ్ళు పోసుకుని నాలుగంగల్లో దాటేస్తారు. కాళ్ళు బొబ్బలెక్కినవాళ్ళని నేను చూడలేదు. అందుకే పిన్ని జంకలేదు. "తొక్కుతాను. తొక్కినాక ఇంక నన్నెవులూ ఏటీ అనకూడదు" అన్నాది. పెద్దాయన సరేనన్నాడు.

పండగనాడు నేను మొదటిసారి ఘటం ఎత్తినాను. పసుపునీళ్ళు నింపి, మూతికి వేపమండలు కట్టిన చిన్న ఇత్తడి బిందె. అమ్మది పెద్ద బిందె. మొగుడు పోయినాడని పిన్నికి ఘటం ఇవ్వలేదు. ఘటం నెత్తినున్నంతసేపూ మాట్లాడకూడదని అమ్మ పదిసార్లు చెప్పినాది. డప్పులతో కాలనీ అంతా తిరిగి పందిరి దగ్గరికి వచ్చేసరికి మెడ పట్టేసింది. నిప్పు సిద్ధమయ్యేదాకా ఘటాలు కింద దించుకోమన్నారు. అదే అదననుకుని, నైవేద్యం బుట్టలోంచి అరటిపళ్ళు కొట్టేద్దామని పందిరి వెనక్కి పోయినాను.

అక్కడ ట్యాంకు వీరుడు, వాడి జతగాడు ఒకడు ఇనప తట్ట దగ్గర గొంతుక్కూచుని విసురుతున్నారు. తట్ట నిండా బొగ్గు. మా పొయ్యిలోకి వాడే బొగ్గు కాదు, లోకో షెడ్డు నుంచి తెచ్చిన ఇంజను బొగ్గు. పిడికిలంతేసి గడ్డలు, తెల్లగా కాలుతున్నాయి.

"అందరూ దాటేసినాక గుండం మొదట్లో ఇది పోసి పైన బూడిద జల్లెయ్యి" అన్నాడు వీరుడు. "రెండడుగులు ఏస్తే సాలు. రేపు ఆసుపత్రి మెట్లెక్కలేదు. పరీక్ష తప్పిపోతే ఉద్యోగం నాదే."

నేను అరటిపండు పారేసి పరిగెత్తుకుని వచ్చినాను. అమ్మ చెవిలో అంతా చెప్పేసినాను. ఒక్క ముక్క వదల్లేదు. అమ్మ కొంచెంసేపు నన్నే చూసినాది. తర్వాత గుడ్డ చుట్టకుదురు నా నెత్తిన సర్ది, ఘటం ఎత్తి దాని మీద పెట్టినాది. "నోరు మూసుకుని నిలబడు. ఘటం నెత్తినుంటే మాటాడకూడదని సెప్పినానా లేదా" అన్నాది. తన ఘటం తానూ ఎత్తుకున్నాది.

అమ్మోరికి భయపడి నోరు మూసుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. పిన్ని పనికి పోతే నాకు జడ ఎవరు వేస్తారు, మూడీ ఎవరు కలుపుతారు? అదీ నా మనసులో ఉన్నది. పదకొండేళ్ళ పిల్లకి ఆ మాత్రం లెక్క రాదనుకోకండి. బాగా వచ్చు.

పూజారి దాటినాడు. మొక్కులున్నవాళ్ళు ఒక్కొక్కరే దాటినారు. డప్పు జోరందుకున్నాది. ఘటాలెత్తినవాళ్ళం గుండం పక్కన వరసగా నిలబడ్డాం. చివరికి పెద్దాయన పిన్ని పేరు పిలిచినాడు. ఆ సందట్లోనే తట్టలోని బొగ్గు గుండం మొదట్లో పడ్డాది, పైన బూడిద పడ్డాది. పొద్దు వాలుతున్నాది. చూడ్డానికి ఏ తేడా లేదు.

పిన్ని కాళ్ళకి పసుపునీళ్ళు పోసుకుని ముందుకి వచ్చినాది. ఒక్క అడుగు దూరంలో ఆగి, ముక్కు ఎగబీల్చినాది. రోజూ బొగ్గుల పొయ్యి ముందు కూచునే మనిషి. తల తిప్పి వరసలో ఉన్న మమ్మల్ని చూసినాది. అమ్మని చూసినాది. నన్ను చూసినాది. నన్ను చాలాసేపు చూసినాది.

నాలుగంగల్లో నా దగ్గరికి వచ్చి, నా నెత్తి మీది ఘటం రెండు చేతులా ఎత్తి తీసుకెళ్ళి, గుండంలో బోర్లించేసినాది.

బుస్సుమని ఆవిరి లేచినాది. నల్ల బురద, దాని మధ్యలో ఇంజను బొగ్గు గడ్డలు బయటపడ్డాయి. పసుపు, తడి బూడిద, కాలిన వేపాకు వాసన గుప్పుమన్నాది. డప్పు ఆగిపోయినాది. "ఓలమ్మో, అమ్మోరి గుండం ఆర్పేసినాది!" అని ఎవరో గావుకేక పెట్టినారు. ఆ గడ్డలు ఎక్కడివని ఒక్కరూ అడగలేదు. కళ్ళుండీ అడగలేదు!

వీరుడు చెయ్యెత్తి మీదికొచ్చినాడు. పిన్ని ఖాళీ బిందెతో గుండంవైపు చూపించి, "రా మరిదీ. మిగిలిన నిప్పు మీద నువ్వు నడు. నీ ఎనకాల నానొస్తాను. ట్యాంకెక్కినోడివి కదేటి, నడు!" అన్నాది.

వాడు నడవలేదు. రెండడుగులు వెనక్కేసినాడు. మూడొందల మంది చూస్తుండగా వెనక్కేసినాడు. మరి ఆ మాట మీ పుస్తకంలో వేస్తారేటి?

బొగ్గు గడ్డలు ఇంకా అక్కడక్కడ ఎర్రగానే ఉన్నాయి. పిన్ని అమ్మవైపు తిరిగి చెయ్యి చాపినాది. "అప్పా, నీ ఘటం ఇలా ఇయ్యి."

అమ్మ తన ఘటాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాది. చుక్క ఒలకలేదు. మీరు మెచ్చుకుంటున్న ఘటం అదే.

పిన్ని ఖాళీ బిందె నా కాళ్ళ దగ్గర పెట్టి, జనం మధ్య నుంచి నడిచి వెళ్ళిపోయినాది. మేం ఇంటికి వచ్చేసరికి పిన్ని పెట్టిన అన్నం పొయ్యి మీద ఉడుకుతున్నాది. అమ్మ ఆ అన్నం దించనివ్వలేదు. పిన్ని ట్రంకు పెట్టె బయట పడేసి, "నా పిల్లని అమ్మోరు కోపంగా సూత్తే ఎవులు దిక్కు? పో!" అన్నాది. దీదీ వచ్చి ఆ పెట్టె ఎత్తి తన వరండాలో పెట్టించినాది. బెంగాలీలో అమ్మని ఏదో తిట్టినాది. నాకు సగమే అర్థమయినాది. ఆ సగం చాలు.

సోమవారం పొద్దున్న పిన్ని ఆసుపత్రికి నడిచి వెళ్ళి, నడిచి వచ్చినాది. పాసయినాది. తర్వాతి నెలలో ఒకరోజు కూత వేసిన వేళ, సైకిళ్ళ మందలో ఒక్కతే చీర మీద బాబాయి ఖాకీ చొక్కా తొడుక్కుని, చేతిలో క్యారియరు పట్టుకుని పోతూ కనపడ్డాది. మగాళ్ళు ఆవిడకి ఎడంగా సైకిళ్ళు తొక్కుకుంటూ పోయినారు. ఆ వేసవిలో కాలనీలో పిల్లలకి ఆటలమ్మ పోసినాది. అదీ పిన్ని నెత్తినే రుద్దినారు. ఏ పెళ్ళికీ పిలవలేదు, ఏ పేరంటానికీ పిలవలేదు. పండగనాడు ప్రసాదం పంచేవాళ్ళు ఆవిడ గుమ్మం దాటేసి పక్కింటికి పోయేవారు. రిటైరయ్యేదాకా అంతే. ఇదంతా చేసినోళ్ళేనా ఇప్పుడు అపచారం అంటున్నది? మీ నోళ్ళు పడ!

ఆ రోజు నుంచి నా జడ మళ్ళీ అమ్మే వేసినాది. రోజూ ఏడ్చినాను. అమ్మ మీద కోపంతో పిన్నితో మాట్లాడ్డం మానేసినాను. తిక్క చూడండి! నన్ను వదిలేసి పోయినాదని ఆవిడ మీద అలిగినాను.

అమ్మ ఆఖరి రోజుల్లో మంచం పట్టినప్పుడు, రమ్మని ఎవరూ కబురు పెట్టకపోయినా పిన్ని వచ్చినాది. రోజూ వచ్చేది. అమ్మని కూచోబెట్టి, ఒళ్ళు తుడిచి, జావ కాచి తాగించేది. ఒక మధ్యాహ్నం పిన్ని వంటింట్లో ఉండగా నేను ఉండబట్టలేక అడిగేసినాను. "అమ్మా, నీకు ముందే సెప్పినాను కదా. ఎందుకు ఆపలేదు? ఘటం ఎందుకు ఇవ్వలేదు?"

అమ్మ పైకప్పుకేసి చూస్తూ, గొంతేమీ దాచుకోకుండా అన్నాది. "అది పనికెల్లిపోతే ఇంట్లో పనెవులు సేస్తారే? కాళ్ళు కాల్తే నెల్లాళ్ళు మంచాన ఉంటాది, తర్వాత నా దగ్గరే పడుంటాది అనుకున్నాను. సచ్చిపోదు కదా."

అమ్మోరి భయం కాదు. జనం భయం కాదు. ఇంటి చాకిరీ కోసం. నాకు ఆ మంచాన్ని తిరగేసెయ్యాలన్నంత కోపం వచ్చినాది. చావుబతుకుల్లో ఉన్న తల్లి మీద! ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోను కూడా.

పిన్ని జావ గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉన్నాది. విన్నాది. లోపలికి వచ్చి, అమ్మ తల ఎత్తిపట్టుకుని, "తాగప్పా, సల్లారిపోతాది" అని గిన్నెడూ తాగించినాది. మూతి తుడిచినాది.

పెరట్లో గిన్నె కడుగుతుంటే వెళ్ళి పక్కన కూచున్నాను. "నీకు తెలుసా పిన్నీ?" అన్నాను.

"ఆ దినమే తెలుసు. అప్ప ఘటం పట్టుకున్న పట్టు సూసినాక తెలీకపోతదేటి?" అన్నాది. కాసేపు గిన్నె తోమి, మళ్ళీ అన్నాది. "బొగ్గు వాసన ముందే తగిలినాది. అయినా అనుమానమే. అమ్మోరి నిప్పులో ఇంత పని ఎవులు సేస్తారనుకున్నాను. అప్పుడు నీ మొకం సూసినాను. నిజమేనని తెలిసిపోయినాది."

అంటే నాకు తెలుసని ఆవిడకి తెలుసు. తెలిసీ ఒక్క మాట చెప్పకుండా నిలబడ్డానని అన్నేళ్ళూ తెలుసు. తిడుతుందని చూసినాను. చెంప మీద కొట్టినా బాగుండేది. ఆవిడ గిన్నె బోర్లించి, చేతులు కొంగుకి తుడుచుకున్నాది.

"అప్పుడే సెప్పాల్సింది గుంటా" అన్నాది.

అంతే అన్నాది. లేచి చెప్పులేసుకుని తన క్వార్టరుకి వెళ్ళిపోయినాది. నేను ఆ రోజు కూడా ఏమీ అనలేకపోయినాను. నిరుడు ఆవిడ పోయినప్పుడు శవం మోయడానికి కాలనీ నుంచి ఒక్కడు రాలేదు, దీదీ మనవలు మోసినారు. నేను వెనకాల నడిచినాను, అప్పుడూ నోరు తెరవలేదు. ఇప్పుడు చెప్పినాను. వినాల్సిన మనిషి లేదు.